బ్యాటరీ లేని కార్డు

మెదక్ డివిజన్‌లో ఇక కాగితం కనిపించదని, కరెంటు పోదని మంత్రిగారు ఒకే సభలో ప్రకటించారు. పత్రికలు రెండింటినీ నమ్మి మొదటి పేజీలో వేశాయి.

రైతుల భూమి దరఖాస్తులన్నీ కంప్యూటర్‌కెక్కించడానికి ఆఫీసుకు సర్వర్ మంజూరైంది. అందులోని రెండు డిస్కులను నడిపే కంట్రోలర్ కార్డు ఏది కొనాలో తేల్చే పని ఆపరేటర్ ఉదయ్ కుమార్ మీద పడింది. అప్పజెప్పిన పనిని నిజంగానే చేసే చెడ్డ అలవాటు అతనికి ఉంది. నాలుగు రోజులు చదివి, బ్యాటరీ ఉన్న కార్డు కావాలని, ఒకటి పాడైనా రెండోదాంట్లో దొరికేలా ప్రతి దరఖాస్తూ రెండు డిస్కుల మీదా ఉండాలని నోటు పెట్టాడు.

ఆఫీసరు ప్రకాశం ఉలిక్కిపడ్డాడు.

"గీ బ్యాటరీ ఏందయ్యా?"

"రాస్తుండంగ కరెంటు పోతే, రాసేది ఆగం కాకుండ కాపాడతది సార్."

"అంటే కరెంటు పోతదంటవా? బయట టెంటేసుకొని తెలంగాణ కావాలనేటోళ్లు గదే అంటున్నరు. మంత్రిగారేమో పోదన్నరు. నువ్వు ఎటు దిక్కు?"

తాను ఒక దిక్కున ఉన్నానని ఉదయ్ కుమార్‌కు అప్పుడే తెలిసింది.

"ఒక్కటే దరఖాస్తు రెండు డిస్కులల్ల ఎందుకు? ఆడిటోళ్లు ఊకుంటరా? సగం దీంట్ల, సగం దాంట్ల రాయి. రెండిటికీ పని చెప్పినట్టుంటది."

కమిటీ చాయ్ తాగి ఔనంది. అదే చేత్తో, కరెంటు పోయినా సర్వర్‌ను కాసేపు నిలబెట్టే యూపీఎస్‌నూ జాబితాలోంచి కొట్టేసింది. కింద ఉదయ్ కుమార్ సంతకం పెట్టాడు. అతనిది కాంట్రాక్టు ఉద్యోగం.

దరఖాస్తులు టైపు చేసిన పది రోజులూ అతను చర్చి వాళ్లను బతిమాలి తెచ్చిన జనరేటర్‌తో సర్వర్‌ను నడిపాడు. ప్రారంభం రోజు పొద్దున, మంత్రిగారి కంట పడితే బాగుండదని ప్రకాశం దాన్ని వాపసు పంపించాడు.

సభకు ఎల్దుర్తి నుంచి రామమ్మ వచ్చింది. ఆమె రెండెకరాలనూ మరిది తన పేరు మీద రాయించుకున్నాడు. అప్పటికి ఆమె పెట్టుకున్నది నాలుగో దరఖాస్తు.

"బిడ్డా, నాది ఎక్కిందా?"

"ఎక్కింది పెద్దమ్మా. నేనే కొట్టిన."

మంత్రిగారు దరఖాస్తుల కాగితపు కట్టలన్నిటికీ స్వహస్తాలతో నిప్పంటించి, చప్పట్ల మధ్య వాటన్నిటినీ సర్వర్‌లో ఖాయంగా రాయించే మీట నొక్కారు. కరెంటు పోయింది. మైకు ఆగడంతో బయటి టెంటులోంచి "జై తెలంగాణ" స్పష్టంగా వినిపించింది.

రెండు గంటలకు కరెంటు వచ్చింది, దరఖాస్తులు రాలేదు. సగం ఇందులో, సగం అందులో, ఏ సగమూ పనికిరాకుండా ఉన్నాయి. ఉదయ్ కుమార్ డిస్కులు రెండూ తుడిచి సర్వర్‌ను ఖాళీగా మొదలుపెట్టాల్సి వచ్చింది. వెళ్లి ప్రకాశానికి చెప్పాడు.

"సార్, అంతా పోయింది. ఒక్కటి లేదు."

"పెండింగు ఎంత చూపిస్తుంది?"

"సున్నా."

ప్రకాశం ముఖం వికసించింది. సాయంత్రానికల్లా హైదరాబాదుకు రిపోర్టు పోయింది. అపరిష్కృత దరఖాస్తు ఒక్కటి కూడా లేని ఏకైక డివిజన్‌గా మెదక్‌కు అవార్డు ప్రకటించారు. ఉదయ్ కుమార్‌కూ ఒక శాలువా అన్నారు.

మరునాడు రామమ్మ వచ్చింది. అతను ఆమె ముఖం చూడలేకపోయాడు.

"నీది పోయింది పెద్దమ్మా. తప్పు నాది. సంతకం నాదే."

"మల్ల రాసియ్యరాదు బిడ్డా!"

అతను తెల్లకాగితం తీసి ఆమె పేరు రాశాడు. సర్వే నంబరు అడుగుతుండగా ప్రకాశం పరుగున వచ్చి కాగితం లాక్కున్నాడు.

"నీకేమన్న పిచ్చా? గిదొక్కటి తీసుకుంటే సున్నా పోతది. అవార్డు అయినంక రమ్మను."