ట్రాక్టర్ నోటు, కలెక్టర్ ఫోన్

పాత నోట్లను లక్షలకు కొంటమని ఫోన్లు జేసేటోళ్లను తిట్టకుండ్రి! వాళ్లు రైతు పాలిటి దేవుండ్లు. కాదంటరా? అయితే మా గట్టమ్మక్క పెనిమిటి ఐలేశ్ బావ సంగతి ఇనుండ్రి.

బావది ఎర్రకుంటపల్లె. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఈ మూడిట్ల ఏ జిల్లానో మాత్రం చెప్ప. చెప్తే మిగిలిన రెండు జిల్లాలోళ్లు ‘గిది మా దగ్గర గదా జరిగింది’ అని కొట్లాటకొస్తరు.

మొన్న ఎండాకాలం బావ ఫోన్ల ఒక వీడియో జూసిండు. ట్రాక్టర్ బొమ్మున్న పాత అయిదు రూపాయల నోటు, నంబర్ల 786 ఉంటే ఏడు లక్షలట! ఇంకేంది, ఇల్లంత తిరగేసిండు. సందుగు దింపిండు, విత్తనాల సంచులు దులిపిండు. ఆఖరికి అక్క పెండ్లినాటి పట్టుచీర మడతల్ల దొరికింది. ఒడిబియ్యంల వచ్చిన నోటట, ఖర్చువెట్ట మనసొప్పక దాసుకున్నది. చూస్తే 786 ఉండనే ఉండె!

ముప్పై ఏండ్ల సంసారంల అక్క చీరను బావ గంత పైలంగ ఎన్నడన్న పట్టుకున్నడా? గిది వరం గాదా?

నోటు ఫొటో పంపిండు. పావుగంటల ఫోనొచ్చింది.

“నమస్కారం ఐలేశ్ గారూ! నేను కలెక్టర్‌ని మాట్లాడుతున్నాను.”

నోట్లు జమజేసేటోళ్లను గూడ కలెక్టర్లే అంటరని బావకేం ఎరుక? చెప్పులిడిసి నిలవడ్డడు. కలెక్టర్ సారు తనంతల తాను ఫోన్‌జేసి ‘గారూ’ అనుడా!

“భోజనం చేశారా?” అనడిగిండట సారు. బావ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

ఎందుకు తిరగయ్? బావ పాస్‌బుక్కుల సర్వే నంబర్ తప్పువడ్డది. 214కు బదులు 241 అని రాసిండ్రు. 241 అంటే ఊరి చెరువు! కాయిదాల లెక్కన బావ నాలుగేండ్ల సంది నీళ్లల్ల పత్తి పెడ్తున్నడన్నట్టు. సోమారం సోమారం కలెక్టరాఫీసుకు దరఖాస్తు వట్టుకొని పోవుడు, లైన్ల నిలవడుడు, రశీదు ముక్క దెచ్చుకునుడు. పాస్‌బుక్కుల అంకెలు జూసే నాథుడు లేడు. అయిదు రూపాయల నోటు మీది అంకెలను మాత్రం ఫోన్ల సారు ఒక్కొక్కటి సదివి మురిసిపోయిండు!

మూడొద్దులు, పూటకొక ఫోన్. నాలుగోనాడు సారు అసలు ముచ్చట దీసిండు. నోటుకు సర్టిఫికెట్ గావాలె, ముందుగల ఫీజు కట్టాలె.

బావ పైసలు కొట్టబోతుంటే అక్క ఫోన్ గుంజుకున్నది.

“సారూ, ఫీజు రెండింతలు కడ్తం. నోటు గూడ ఉట్టిగనే తీస్కపో. జర మా భూమి నంబర్ సరిజేయి, నీ కాల్మొక్త! బిడ్డ సదువుకు లోనడిగితే, చెరువును తాకట్టు వెడ్తవా అని బ్యాంకుల నవ్వుతున్నరు సారూ!”

సారు ఫీజు ముచ్చట ఆడనే ఆపిండు.

“ఏ నంబరమ్మా?”

“రెండొందల పద్నాలుగు.”

“చూస్తాం లెండి.”

ఫోన్ కట్! అటెన్క ఎన్నిసార్లు కొట్టినా ఎత్తలే.

వాడు దొంగ బావా అని నేను నెత్తీనోరు కొట్టుకొని చెప్పిన. ఇంటడా?

“దొంగెట్లయితడు బామ్మర్దీ?” అన్నడు బావ. “అప్పటిదాంక నాగ్గూడ జర అనుమానమే ఉండె. భూమి ముచ్చట దియ్యంగనే ‘చూస్తాం’ అని పెట్టేసిండు. గాయ్న పక్కా కలెక్టరే!”