మాస్టరమ్మ మాత్రమే చదవవలసిన పుస్తకం

ఆ శుక్రవారం ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి వడ్రంగి వచ్చి మేడ మీద హాల్లో, వెనక మెట్ల వైపు ఉన్న కొత్త తలుపుకి హ్యాండిల్ బిగిస్తాడు. నాలుగింటికి అగ్నిమాపక శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి, చూసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళిపోతాడు. సోమవారం మాస్టరమ్మ కుట్టు శిక్షణ కేంద్రంలో నలభై అయిదో బ్యాచి మొదలవుతుంది. ఇంత చిన్న పథకాన్ని పాడుచెయ్యడం అందరివల్లా కాదు. దానికి మాస్టరమ్మ కొడుకులాంటి మనిషి ఉండాలి.

అతను చెడ్డవాడని కాదు. బంగారంలాంటి మనిషి. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా. రోడ్డు మీద పిల్లి కూడా లేకపోయినా ఎర్రదీపం దగ్గర ఆగుతాడు. మందు సీసా మీద 'బాగా కుదపవలెను' అని ఉంటే గడియారం చూసుకుంటూ నిమిషంసేపు కుదుపుతాడు. అందుకే అతని భార్య అతనికి రూలుకర్ర అని పేరు పెట్టింది. ఆ పేరు ముద్దుగానే పెట్టింది, ఇప్పటికీ చాలావరకు ముద్దుగానే పిలుస్తుంది. ఎత్తులో మాత్రం అతను కర్రని కాదు, తల్లినే పోలాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఇద్దరి తలలూ కిటికీ కింది చువ్వ దగ్గర ఆగిపోతాయి.

మాస్టరమ్మ ఇరవై రెండేళ్ళుగా ఆ హాల్లో ఆడపిల్లలకి కుట్టు నేర్పుతోంది. నలభై నాలుగు బ్యాచిల్లో ఒక్కటీ ఒక్క రోజు ఆలస్యంగా మొదలుకాలేదు. ఇప్పుడు కొత్త నిబంధన వచ్చింది: అగ్ని భద్రత సర్టిఫికెట్టు లేని శిక్షణ కేంద్రాలకి సోమవారం నుంచి తాళం. ఆవిడ వారం రోజులుగా కత్తెర ఎక్కడ పెట్టిందో తనే మరిచిపోతోంది. అది చూసి కొడుకు ప్రాణం విలవిల్లాడింది. ఏ లోపమూ ఉండకూడదని పట్టుబట్టి, 'భవనాల అగ్ని భద్రతా ప్రమాణాలు - సవరించిన ముద్రణ' అనే పుస్తకం తెప్పించాడు. దాని వెల సరిగ్గా ఒక కొత్త కుట్టుమిషను వెల.

"మిషనైతే కనీసం కుడుతుంది కదరా," అంది మాస్టరమ్మ.

"ప్రాణాలు కాపాడే పుస్తకం అమ్మా అది."

"అలాంటిదైతే ఊరికే పంచాలిగాని ఇంతింత పెట్టి అమ్ముతారా?"

దానికి సమాధానం చెప్పే తీరిక కొడుక్కి లేకపోయింది, ఎందుకంటే అప్పటికే అతను పుస్తకం మొదటి పేజీలో చిక్కుకుపోయాడు. శిక్షణ కేంద్రం తల్లి పేరున ఉంది కాబట్టి పుస్తకాన్ని కూడా ఆవిడ పేరునే కొన్నాడు. మొదటి పేజీలో ఇలా ఉంది: ఈ ప్రతి కొన్నవారి సొంత వినియోగానికి మాత్రమే. ఇతరులకు చూపరాదు, అరువివ్వరాదు, నకలు తీయరాదు, బిగ్గరగా చదివి వినిపించరాదు. ప్రతి పేజీ అడుగునా మాస్టరమ్మ పేరు అచ్చువేసి ఉంది. అతను నిప్పు తొక్కినట్టు పుస్తకం మూసేశాడు. ఒక పేజీ చదివేసినందుకు ఆ పూటంతా దిగులుగా తిరిగాడు.

అంటే ఆ పుస్తకం చదివే హక్కు ఈ భూమ్మీద ఒక్క మాస్టరమ్మకే ఉంది. మాస్టరమ్మకేమో మూడు రోజుల కిందటే కుడికంటికి శుక్లం ఆపరేషను అయింది. కంటికి కట్టు ఉంది, వారం రోజులు పుస్తకం ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు.

ఆ చిక్కుకి పరిష్కారం కూడా రూలుకర్రే కనిపెట్టాడు. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి కోడలు కాఫీ గ్లాసులతో గదిలోకి వచ్చేసరికి, ఆవిడ భర్త గట్టిగా కళ్ళు మూసుకుని, పుస్తకాన్ని తల్లి ఎడమకంటికి ఎదురుగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల్లి "ఊఁ" అన్నప్పుడల్లా తడుముకుంటూ పేజీ తిప్పుతున్నాడు. ముట్టుకోవద్దన్నారుగాని చూడొద్దనలేదట. ఆవిడ మనసులోనే చదువుకుని, పుస్తకం మూశాక సంగతి సొంత మాటల్లో చెప్తుందట. సొంత మాటల్లో చెప్పకూడదని మొదటి పేజీలో లేదు. కోడలు ఒక నిమిషం చూసి, గ్లాసులు బల్లమీద పెట్టి, నవ్వు బయటికి రాకుండా పమిట నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

తలుపు అప్పటికే బిగించి ఉంది కనుక మాస్టరమ్మ హ్యాండిల్ వరుస ఒక్కటే వెతికి చూసింది. చూసి ఆగింది. మళ్ళీ చూసింది. నేల నుంచి రెండు మీటర్ల ఎత్తున హ్యాండిల్ ఉండాలని ఉంది. ఇరవై రెండేళ్ళు టేపు మెడలో వేసుకుని తిరిగిన మనిషికి ఆ కొలత చూడగానే ఒళ్ళు చిరచిరలాడింది. బొమ్మ చూద్దామంటే, బొమ్మలు రెండో భాగంలో ఉన్నాయనీ, అది విడిగా కొనుక్కోవాలనీ రాసి ఉంది.

"నా కన్నే తప్పు చూస్తోందేమోరా," అందావిడ నెమ్మదిగా.

అలా అన్న తల్లిని చూసి కొడుక్కి జాలేసింది. కన్ను తప్పు చూస్తే అంకె మసకగా కనిపిస్తుందిగాని వేరే అంకె కనిపించదని ధైర్యం చెప్పాడు. ఇంత ఖరీదు పెట్టి కొన్న పుస్తకం తప్పు చెప్పదని కూడా అన్నాడు. పొగలో ఏది ఎక్కడ ఉంటే మంచిదో మనకేం తెలుసు, పెద్దలు ఆలోచించే రాసి ఉంటారని ముగించాడు. ఆవిడ తన లెక్కని పక్కనపెట్టి పుస్తకం మాటకి తలవంచింది. ఆవిడ అలా తలవంచడం అదే మొదటిసారి.

వడ్రంగి ఆరడుగుల మనిషి. కొలత విని తల గోక్కున్నాడు. బొమ్మ ఉంటే చూపించమన్నాడు. బొమ్మ లేదన్నారు. పోనీ పుస్తకం చూపించమన్నాడు. చూపకూడదన్నారు. అతను భుజాలెగరేసి, తలుపు పై అంచుకి జానెడు కిందగా హ్యాండిల్ బిగించి, ఒకసారి కిందికి లాగి చూసుకున్నాడు. "నాకైతే బాగానే అందుతోంది బాబుగారూ," అని మేకులు ఏరుకుని వెళ్ళిపోయాడు.

హాల్లో ఉన్న పాత బ్యాచి పిల్లలు ఎనిమిదిమంది వరుసగా వచ్చి ఎగిరి చూశారు. ఏడుగురికి అందలేదు. కోడలు ఒక స్టూలు తెచ్చి తలుపు పక్కన వేసింది. దారిలో ఏ సామానూ ఉండకూడదని పుస్తకంలో ఉన్నట్టు అత్తగారు మళ్ళీ పుస్తకం చూసి సొంత మాటల్లో చెప్పడంతో, రూలుకర్ర స్టూలు తీయించాడు. మాస్టరమ్మ హ్యాండిల్‌కి ఒక గట్టి గుడ్డపేలిక కట్టింది. లాగితే చక్కగా తలుపు తెరుచుకుంది. అందరూ అమ్మయ్య అనుకునేలోపు కొడుకు మళ్ళీ కళ్ళు మూసుకుని పుస్తకం పట్టుకున్నాడు. హ్యాండిల్‌కి ఏమీ తగిలించరాదని ఆవిడ కంటికి కనిపించింది. గుడ్డపేలిక విప్పేశారు.

"ఏమండీ, తలుపు పుస్తకం కోసమా, మనుషుల కోసమా?" అంది కోడలు.

రూలుకర్ర ఆ ప్రశ్నకి నొచ్చుకున్నాడు. అమ్మ బడి మూతపడకూడదనే కదా తన తాపత్రయమంతా, అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. చివరికి, మూడు కావస్తుండగా, అతనే ఇంకో ఉపాయం చేశాడు. ఎనిమిదిమందిలో ఒక్క పొడుగమ్మాయికి చెయ్యెత్తితే హ్యాండిల్ అందుతుంది. ఆ అమ్మాయిని తలుపుకి ఇన్‌చార్జిగా నియమించి, సాయంత్రందాకా అక్కడి నుంచి కదలొద్దన్నాడు. ఆ అమ్మాయి అప్పటికి మళ్ళీ ముందు మెట్ల పక్కన ఇస్త్రీబల్ల దగ్గర ఉంది. పిలవగానే చేతిలో పని వదిలి పరిగెత్తుకొచ్చింది. ఇస్త్రీపెట్టె మాత్రం గుడ్డమీదే ఉండిపోయింది.

ఇన్‌స్పెక్టరు నాలుగింటికి రావలసినవాడు మూడింటికే వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, మాట నెమ్మది. బకెట్లు చూశాడు, ఇసుక చూశాడు, తలపంకించాడు. వెనక తలుపు దగ్గరికి వచ్చి, హ్యాండిల్ ఉండవలసిన చోట చూసి, అక్కడ లేకపోవడంతో మెల్లగా తల పైకెత్తాడు. చాలాసేపు అలాగే చూశాడు. రూలుకర్ర గొంతు సవరించుకుని, అంతా కొత్త ముద్రణ ప్రకారమే బిగించామని చెప్పాడు. ఆ మాట వినగానే ఇన్‌స్పెక్టరు మొహంలో ఒక ఇబ్బంది కనిపించింది.

"కొత్త ముద్రణ... మీ దగ్గరుందా? ఒకసారి చూడొచ్చా?"

"క్షమించండి సార్. అది అమ్మ తప్ప ఎవరూ చూడకూడదు."

ఇన్‌స్పెక్టరు సంగతి తరవాత తెలిసింది. వాళ్ళ ఆఫీసులో కొత్త పుస్తకం కొనడానికి అనుమతి కోసం ఫైలు రెండేళ్ళుగా బల్లలు మారుతోందట. అతను ఇప్పటికీ సంచిలో పాత ముద్రణ జిరాక్సు ప్రతి ఒకటి పెట్టుకుని ఊరంతా తనిఖీ చేస్తున్నాడు. ఆ సంగతి చెప్పుకోలేక అతను హ్యాండిల్‌నే చూస్తూ నిలబడ్డాడు. కొడుకు అతన్ని చూస్తూ నిలబడ్డాడు. మాస్టరమ్మ గోడవైపు తిరిగి వేళ్ళమీద ఏవో కొలతలు లెక్కపెట్టుకుంటోంది. అప్పుడు కాలుతున్న గుడ్డ వాసన వచ్చింది.

వెనక్కి తిరిగి చూసేసరికి ఇస్త్రీబల్ల మీద నుంచి నల్లటి పొగ లేచి ముందు మెట్లని కమ్మేస్తోంది. "అయ్యో, నా ఇస్త్రీ," అని తలుపు ఇన్‌చార్జి తలుపు వదిలేసి అటే పరిగెత్తింది. మిగతా ఏడుగురూ తలుపు మీద పడ్డారు. ఒకరి తరవాత ఒకరు ఎగిరారు. రూలుకర్ర కూడా ఎగిరాడు. అతని వేళ్ళు హ్యాండిల్‌కి బెత్తెడు దూరంలో గాలిని పట్టుకుని కిందికి వచ్చాయి. పక్కనే తల్లి ఆపరేషను కంటిని అరచేత్తో కప్పుకుని, రెండో చెయ్యి చాచి, మునివేళ్ళ మీద నిలబడి ఉంది. పుస్తకం అతని చంకలోనే ఉంది. దాన్ని నేలమీద పడేసి, దానిమీదకెక్కి, మళ్ళీ ఎగిరాడు. మంచి లావుపాటి పుస్తకమే, అయినా హ్యాండిల్ వేలికి తగిలి జారిపోయింది.

ఇన్‌స్పెక్టరు అతని తలమీదుగా చెయ్యి చాపి హ్యాండిల్ లాగాడు. తలుపు తెరుచుకుంది. పిల్లలందరూ గబగబా మెట్లు దిగి పెరట్లోకి వచ్చిపడ్డారు. అప్పటికే పైన పొడుగమ్మాయి ప్లగ్గు పీకి, ఇస్త్రీపెట్టెని గుడ్డతో సహా బకెట్టులో ముంచేసింది. తీరా చూస్తే కాలింది మూరెడు గుడ్డ, చచ్చింది ఒక ఇస్త్రీపెట్టె. ఎవరికీ ఏమీ కాలేదు.

రూలుకర్ర మాత్రం పెరట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళనీళ్ళు తిరుగుతున్నాయి. "నావల్లే నీ బడి పోయిందమ్మా. నిన్ను కూడా చంపేసేవాణ్ణి," అన్నాడు.

మాస్టరమ్మ కొడుకు తల నిమిరింది. తరవాత కోడలు పైనుంచి తెచ్చిన పుస్తకం అందుకుని, ఎడమకంటికి ఆనించుకుని, హ్యాండిల్ వరుస మళ్ళీ తీసింది. ఈసారి దాని పై వరుస కూడా చూసింది. పుస్తకం మూసి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"నా సొంత మాటల్లో చెప్తాను బాబూ. ఈ పుస్తకంలో హ్యాండిల్ ఎత్తు రెండు మీటర్లు. తలుపు ఎత్తు ఒక మీటరు. అంటే హ్యాండిల్ తలుపుకి పైన, గోడలో ఉండాలి. మేం పాక్కుంటూ వెళ్ళాలి. చంక కొలత నడుముకి, నడుము కొలత చంకకి రాసేశారు. మా మొదటి నెల పిల్లలు కూడా ఇలా రాయరు."

ఇన్‌స్పెక్టరు సంచిలోంచి నలిగిపోయిన జిరాక్సు కాగితాలు తీశాడు. పాత ముద్రణలో తలుపు రెండు మీటర్లు, హ్యాండిల్ ఒక మీటరు. హ్యాండిల్ చూడగానే తప్పనిపించిందనీ, కొత్తదాంట్లో మార్చారేమోనని నోరు మెదపలేదనీ ఒప్పుకున్నాడు. బకెట్లు, ఇసుక, మెట్లు అన్నీ బాగున్నాయన్నాడు. వడ్రంగిని ఇప్పుడే పిలిపించి హ్యాండిల్ నడుము ఎత్తుకి దించితే, ఇప్పుడే సంతకం పెడతానన్నాడు.

రూలుకర్ర తలెత్తాడు. ఆశ ఉన్నా అలవాటు పోలేదు. "కాని సార్, కొత్త పుస్తకానికి విరుద్ధం అవుతుందేమో..."

"అవుతుందో లేదో నాకెలా తెలుస్తుందండీ? మీరు చూపించలేదు కదా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేను చూసినదాని ప్రకారమే కదా నేను సంతకం పెట్టేది."

ఆరడుగుల వడ్రంగి అరగంటలో వచ్చి హ్యాండిల్ దించాడు. ఎంత ఎత్తున పెట్టాలని అడిగితే మాస్టరమ్మ తలుపు ముందు నిలబడి, చెయ్యి మామూలుగా ముందుకు చాపి, "ఇక్కడ," అంది. తరవాత టేపు పెట్టి కొలిస్తే మీటరుకి ఒక గోరంత తేడా. ఎనిమిదిమంది పిల్లలూ ఒకరి తరవాత ఒకరు తెరిచి చూశారు. చివర రూలుకర్ర తెరిచాడు, అవసరం లేకపోయినా రెండుసార్లు. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, టీ తాగుతూ, కొత్త పుస్తకంలో ఇంకా ఏమేం ఉన్నాయో ఆవిడ సొంత మాటల్లో గంటసేపు విన్నాడు. వెళ్ళేటప్పుడు ఆ జిరాక్సు కాగితాలు ఇంకో నకలు తీయించుకోమని ఆవిడకిచ్చాడు. వాటి అడుగున ఎవరి పేరూ లేదు. నలభై అయిదో బ్యాచి సోమవారం తొమ్మిదింటికే మొదలైంది.

పుస్తకం అచ్చువేసినవాళ్ళకి మాస్టరమ్మ ఉత్తరం రాసింది. పది రోజుల్లో మర్యాదగా జవాబొచ్చింది. రెండు అంకెలు తారుమారైన మాట నిజమేననీ, గమనించినందుకు కృతజ్ఞతలనీ, ఒక పేజీ సవరణ పత్రం ముద్రించి అమ్మకానికి పెట్టామనీ రాశారు. దాని వెల చూస్తే, బకెట్టులో మునిగిన ఇస్త్రీపెట్టె వెలతో సరిగ్గా సమానం.

మాస్టరమ్మ ఇస్త్రీపెట్టె కొంది.