‘అందరిదీ’ అనే ఫోల్డరు

స్కూలు పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దుకుంటూ బతికేవాణ్ణని మీరంతా నన్ను అచ్చుతప్పు అని పిలుస్తారు కదా. ఈసారి తప్పు నాదే, దిద్దింది మా ఆవిడ. ఎలాగూ మా పై అంతస్తు పళ్ళ డాక్టరు మీకు సగం చెప్పే ఉంటాడు. మిగతా సగం కల్పించి చెప్పకముందే నా నోట వినండి.

నేను ఇంట్లో కూర్చునే పనిచేస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నా గది తలుపు మూసి ఉంటుంది. ఆ రెండు గంటలూ ఊపిరి తీసుకోవడానికి కూడా తీరదని ఇంట్లో చెప్పుకున్నాను. నిజానికి అప్పుడు నేను తీసేది ఊపిరి ఒక్కటే, కాస్త చప్పుడుగా. భోంచేశాక కుర్చీలో ఓ కునుకు తీయకపోతే సాయంత్రం నాకు అక్షరాలు అలుక్కుపోతాయి. ఆ కునుకు కోసమే మూడింటికి పాపని స్కూలు నుంచి తెచ్చే పని కూడా ఆవిడ మీద పడేశాను. ఇది బయటపడితే ఏమవుతుందో పెళ్ళయినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

చిక్కల్లా ప్రింటరుతో వచ్చింది. మా ఆవిడ బట్టలు కుట్టేవాళ్ళకి కత్తిరింపు నమూనాలు గీసి ఇస్తుంది. గీసేది హాల్లో, తన కంప్యూటరు మీద. ప్రింటరేమో నా గదిలో, నా కంప్యూటరుకి తగిలించి ఉంది. కాలరు గీయగానే పెన్‌డ్రైవు పట్టుకొచ్చి తలుపు కొడుతుంది. చెయ్యి గీయగానే మళ్ళీ కొడుతుంది. చొక్కాకి రెండు చేతులుండటం వల్ల నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు.

అందుకని ఓ ఆదివారం పొద్దున్న ఉపాయం ఒకటి ముందు పెట్టాను.

"ఇదిగో, ఇకమీదట నువ్వు పెన్‌డ్రైవు మోసుకుంటూ తిరగక్కర్లేదు. నా కంప్యూటర్లో ఓ ఫోల్డరు పెడతాను, అది నీ దాంట్లోనూ కనపడుతుంది. గీసినవన్నీ అందులో పడెయ్. నాలుగింటికి అన్నీ కలిపి ప్రింటు తీసిస్తాను."

"నా మీద ఇంత జాలి ఎప్పట్నించండీ?"

"జాలి కాదు, టెక్నాలజీ."

"ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు."

ఆవిడ గోడ గడియారం వంక ఒకసారి చూసి కూరలు తరుక్కోవడానికి వెళ్ళిపోయింది.

నాది కిటికీ గుర్తు కంప్యూటరు. ఆవిడది వాళ్ళ తమ్ముడు వాడి ఇచ్చేసిన కొరికిన పండు గుర్తుది. ఒకదాని పద్ధతి ఇంకోదానికి పట్టదు. అయినా అలాంటివాళ్ళ కాపురాలు సాగడం లేదా అనుకుని మొదలుపెట్టాను. ‘అందరిదీ’ అని ఫోల్డరు చేసి, ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా ఏదైనా వేయొచ్చు, పాస్‌వర్డు కూడా అక్కర్లేదు అని ధారాళంగా అనుమతులిచ్చేశాను. హాల్లోకెళ్ళి చూస్తే ఆవిడ తెర మీద ఫోల్డరు సంగతి అటుంచి, నా కంప్యూటరు ఆనవాలే లేదు.

రెండూ ఆపి మళ్ళీ పెట్టాను. వైరస్ కాపలాదారు అడ్డుకుంటున్నాడేమోనని వాణ్ణి కాసేపు పక్కన కూర్చోబెట్టాను. గుర్తుపట్టడం తేలికని నా కంప్యూటరుకి ‘అచ్చుతప్పు’ అనే పేరు పెట్టాను. గదికీ హాలుకీ మధ్య ఆ పూట నేను నడిచినంత నడక ఏడాది మొత్తంలో నడిచి ఉండను.

"పది నిమిషాలు అయ్యాయాండీ?" అని వంటింట్లోంచి అడిగింది. అప్పటికి పన్నెండు దాటింది.

"నీ కంప్యూటరు మొండిది. మీ తమ్ముడి పోలిక."

"పాపం, అదేం చేసింది. కనపడకుండా పోయింది మీది."

అంతలో ఎవరో తలుపు తట్టారు. చూస్తే పళ్ళ డాక్టరు.

"మాస్టారూ, ఏర్పాటు చాలా బాగుంది. పొద్దున్న నా కంప్యూటర్లో అచ్చుతప్పు అనే పేరు కింద ‘అందరిదీ’ అని ఫోల్డరు కనపడింది. అందరిదీ అన్నారు కదాని మెట్ల మీద బల్బు గురించి ఓ నోటీసు రాసి అందులో వేశాను. మిగతా వాటాలవాళ్ళకి కూడా చెప్పమంటారా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కిందటి నెల మా ఇంట్లో ఇంటర్నెట్ పోతే, రెండు రోజులకని ఆయన వైఫై అడిగి రెండు కంప్యూటర్లకీ పెట్టుకున్నాను. మాది బాగయ్యాక ఆవిడ తనది మార్చుకుంది, నేను మరిచిపోయాను. నెల రోజులుగా నా కంప్యూటరు ఆయనింట్లో కాపురముంటోంది.

"అదన్నమాట," అంది మా ఆవిడ, డాక్టరుగారికి మంచినీళ్ళిస్తూ. "పైనింట్లో ఉన్నదాన్ని ఇక్కడ వెతికితే ఎలా దొరుకుతుంది."

మా వైఫైకి మారగానే నా కంప్యూటరు ఆవిడ తెర మీదికి బుద్ధిగా వచ్చి నిలబడింది. డాక్టరు దెబ్బకి ఈసారి పాస్‌వర్డు ఉండాల్సిందే అని పెట్టాను. తీరా రోజూ నేను కొట్టే నాలుగంకెలు కొడితే చెల్లలేదు. అవి నా కంప్యూటరు ముందు కూర్చుంటేనే పనికొస్తాయట, బయటినుంచి వచ్చేవాళ్ళు అసలు పాస్‌వర్డు చెప్పాలట. అది కంప్యూటరు కొన్నరోజు, ఇంట్లో ఏదో మాటా మాటా వచ్చినప్పుడు పెట్టింది.

"చెప్పండి, కొడతాను."

"నువ్వు లే, నేను కొడతాను."

"కూర్చున్నదాన్ని లేపడం ఎందుకు. చెప్పండి."

గొంతు తగ్గించి చెప్పాను. "నామాటేవినాలి. ఇంగ్లీషు అక్షరాల్లో."

ఆవిడ నవ్వలేదు. ఒక్కొక్క అక్షరమే కొట్టి, తెర వంక చూసి, నెమ్మదిగా అంది. "ఇది కూడా వినలేదండీ."

మొదటి అక్షరం పెద్దది కొట్టమన్నాను. అప్పుడు తెరుచుకుంది.

సోమ, మంగళ, బుధవారాలు నాకు మహర్దశ. తలుపు కొట్టినవాళ్ళు లేరు. లేచి, మౌసు కదిపి, మొహం కడుక్కుని వచ్చేసరికి ఫోల్డరు నిండి ఉండేది. అన్నీ ప్రింటు తీసి, పనిలో నలిగిపోయినవాడిలా నడుచుకుంటూ వెళ్ళి ఇచ్చేవాణ్ణి. ఆవిడ కూడా పాపం అన్నట్టే చూసేది.

గురువారం ప్రింటరులోంచి ఒక కాలరు, రెండు చేతులు, ఒక జేబు వచ్చాయి. వాటి వెనక ఇంకో కాగితం వచ్చింది. పైన ‘కొలతలు’ అని ఉంది. సోమవారం, రెండూ పది నుంచి మూడూ యాభై. మంగళవారం, రెండూ ఐదు నుంచి నాలుగు. బుధవారం, రెండు నుంచి నాలుగూ ఐదు. అడుగున ‘రోజురోజుకీ వదులవుతోంది’ అని రాసి ఉంది.

కాగితం పట్టుకుని హాల్లోకి వెళ్ళాను.

"ఏమిటిది?"

"కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే మీ కంప్యూటరు పేరు నా తెర మీంచి పోతోందండీ. గీసింది వేద్దామంటే ఫోల్డరు ఉండదు. మళ్ళీ మీరు కదిపాకే వస్తుంది. అందుకే అప్పటిదాకా ఆగి అన్నీ ఒకేసారి వేస్తున్నాను."

"నేను కాగితాల మీద ప్రూఫులు చూస్తుండొచ్చుగా. దానికేం తెలుసు?"

"నేనూ అలాగే అనుకున్నాను. సోమవారం వచ్చి తలుపు తీసి చూశాను. మీ కళ్ళజోడు టేబులు మీద ఉంది."

కోప్పడి ఉంటే బాగుండేది, నేనూ ఓ మాట అనేసి బయటపడేవాణ్ణి. ఆవిడ మాత్రం కత్తెర పక్కన పెట్టి మామూలుగానే మాట్లాడింది.

"పడుకోవడం తప్పు కాదండీ. పాప స్కూల్లో చేరి మూడేళ్ళయింది. మీకు పనుంది కదాని ఈ మూడేళ్ళలో ఒక్క మధ్యాహ్నం నేను నడుం వాల్చలేదు."

సిగ్గుతో నా తల వాలిపోయింది. రేపట్నించి పాపని నేనే తీసుకొస్తానన్నాను.

"మంచిది. నా కంప్యూటరు కూడా మీకు కనపడేలా పెట్టాను. మొగుడూపెళ్ళాల మధ్య దాపరికాలెందుకు."

"నువ్వే పెట్టావా? ఎంతసేపు పట్టింది?"

"పొయ్యి మీద నీళ్ళు కాగేలోపల అయిపోయింది."

శుక్రవారం రెండుంపావుకి కళ్ళు నులుముకుంటూ ప్రూఫుల ముందు కూర్చున్నాను. నా తెర మీద ఆవిడ కంప్యూటరు పేరు కాసేపు ఉండి మాయమైంది. హాల్లోకి తొంగిచూశాను. కొలత టేపు మెడలో అలాగే ఉంది, చెయ్యి తలకింద పెట్టుకుని సోఫాలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి, స్కూలుకి వెళ్ళాను.

"అమ్మేది నాన్నా?" అంది పాప గేటు దగ్గరే.

"పడుకుందమ్మా."

"మధ్యాహ్నమా? అమ్మలు కూడా పడుకుంటారా?"

దాని సంచి నా భుజానికి తగిలించుకుని నడిచాను. ఇల్లు చేరినా లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. తాళంచెవి లోపలే ఉంది, బెల్లు కొడితే లేస్తుంది. అమ్మ లేచేదాకా ఇక్కడే ఉందామని పాపకి చెప్పి, ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. పాప బొమ్మలేసుకుంటోంది. నేను గోడకి ఆనుకున్నాను.

కాసేపటికి చిన్న చెయ్యి నా భుజం తట్టింది.

"నాన్నా, చప్పుడు కాకుండా పడుకో. అమ్మ లేస్తుంది."