పన్నెండింటికి కూల్చే ఇల్లు

శనివారం పొద్దున రూబెన్ వేసుకున్న ప్లాను చిన్నదే. ఎనిమిదిన్నర బస్సుకు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోవాలి. అక్కడి కాలేజీలో పదకొండింటికి "ఆన్‌లైన్ లోకాలు: నిన్న, రేపు" అని ఒక గంట మాట్లాడాలి. చివర్లో, సరిగ్గా పన్నెండుకు, తన సొంత ఇల్లు మాయమైపోవడం లాప్‌టాప్‌లో పిల్లలకు చూపించాలి.

ఆ ఇంటికి ఇటుకా లేదు, సిమెంటూ లేదు. జనం బొమ్మల రూపంలో తిరిగే ఒక కంప్యూటర్ లోకంలో, కొండ పక్కన, నీలం పైకప్పుతో 2008లో కట్టుకున్నాడు. ఆ లోకాన్ని నడిపే కంపెనీ ఇవాళ పన్నెండుకు దుకాణం కట్టేస్తున్నామని మెయిల్ పెట్టింది. ఇలాంటివి వస్తుంటాయి, పోతుంటాయి అని క్లాసులో చెప్పే కంప్యూటర్ లెక్చరరే అయినా, ఆ మెయిల్ చదివిన రోజు రూబెన్‌కు అన్నం సయించలేదు.

టీచర్ల శిక్షణ కోసం పగిడ్యాలకు వెళ్లిన భార్య ప్రసన్నకుమారికి పెరట్లోంచి ఫోన్ చేశాడు.

"మన ఇల్లు ఈ పొద్దు పన్నెండింటికి తీసేస్తాండారు. యాదుంది కదా?"

"ఉంది. ఎట్లన్నా చేసి నేనూ వస్తా."

"మీ అమ్మకు మాత్రం తెలీకూడదు."

అదే పెరట్లో ఆ పక్క దండెం మీద బట్టలారేస్తున్న అత్తగారు ఎలిజబెత్ చేతిలోంచి తడి దుప్పటి మట్టిలో పడింది. ఆమె అల్లుణ్ని ఒక్క మాట కూడా అడగలేదు. అడిగితే దాచిపెడతాడని ఆమెకు గట్టి నమ్మకం. నేరుగా వంటింట్లోకి పోయి ఆళ్లగడ్డలో బండల వ్యాపారం చేసే తమ్ముడు యోహానుకు ఫోన్ చేసింది.

"ఒరే యోహానూ, అల్లుడు మీ ఊర్లో యాడో ఇల్లు కట్టినాడంట రా. పన్నెండింటికి కూలగొడతాండారంట. నాకు తెలిస్తే గుండె ఆగుతాదని దాస్తాండాడు, పాపం."

"మా ఊర్లోనే అని నీకెట్ల తెలుసక్కా?"

"ఇస్త్రీ చొక్కా ఏసుకొని ఆడికే పోతాండాడు."

యోహానుకు ఆ సాక్ష్యం చాలింది.

తమ్ముణ్ని చూసి చాలా రోజులైందని ఎలిజబెత్ కూడా బస్సెక్కింది. రూబెన్ పక్క సీట్లో కళ్లు మూసుకుని ప్రసంగాన్ని గొణుక్కుంటున్నాడు.

"మొదట్లో అక్కడ బొమ్మల్లేవు, అన్నీ మాటలే. 'నువ్వు గుహలో ఉన్నావు' అని రాసి ఉంటే గుహ ఉందనుకోవాలి. ఆ తర్వాత బొమ్మలొచ్చాయి. జనం ఎగబడ్డారు. స్థలాలు పట్టుకున్నారు, ఇళ్లు కట్టుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. ఒక రోజు ఒక్క నోటీసిచ్చి అన్నీ తుడిచేశారు. అడగడానికి కోర్టు లేదు, పట్టా లేదు..."

ఎలిజబెత్ కిటికీ వైపు తిరిగి కొంగు చాటున ఫోన్ పెట్టుకుంది. "పట్టా కూడా లేదంట రా. ముందు గుహలో ఉన్నాడంట. మన పిల్ల యెన్ని కష్టాలు పడిందో!"

ఆళ్లగడ్డ బస్టాండులో దిగేసరికి నలభై మంది ఉన్నారు. చర్చి కన్వెన్షన్ బ్యానరు తిరగేసి, దాని వెనక ఎర్ర రంగుతో "రూబెన్ ఇల్లు కూల్చొద్దు" అని రాశారు. యోహాను వచ్చి రూబెన్ మెడలో ఉద్యమకారుడికి వేసినట్టు పూలదండ వేశాడు. ఇదంతా కాలేజీ వాళ్ల మర్యాదే అనుకుని రూబెన్ దండం పెట్టాడు. బ్యానర్ చదివేలోపే అతన్ని బండల ట్రాక్టర్ ఎక్కించేశారు.

"మామా, ఏందిది? నాకు కాలేజీలో ప్రోగ్రాముండాది!"

"ఉండనీలేప్పా. ముందు ఇల్లు. ప్రోగ్రాములు యాడికి పోతాయి?"

ట్రాక్టర్ ఊరంతా తిరిగి తహశీల్దార్ ఆఫీసు ముందు ఆగింది. తహశీల్దార్ రమ్య ఆ ఊరికి కొత్త, పైగా ఓపిక గల మనిషి. కిటికీలోంచి బ్యానర్ చూసి, ఇవాళ మనమేమైనా కూలుస్తున్నామా అని గుమస్తాను అడిగింది. ఆయనకూ తెలియదు. తనకు తెలియకుండా ఎవరో ఇళ్లు కూలుస్తున్నారని ఆమెకు కోపం వచ్చింది. ఊర్లో ఎక్కడెక్కడ ఆక్రమణలున్నాయో, ఎక్కడ కూల్చివేత జరుగుతోందో వెంటనే చూసి రమ్మని సర్వేయర్‌ను మోటార్ సైకిల్ మీద పంపించి, అందరినీ లోపలికి పిలిచింది.

"రూబెన్ గారూ, ఇల్లు ఎక్కడ?"

"మేడం, ఆ ఇల్లు ఈ లోకంలో లేదు."

ఎలిజబెత్ ముందుకొచ్చింది. "నాయనా, పరలోకంలో ఇల్లు మనందరికీ ఉండాది. ఈడ కట్టిందాని సంగతి చెప్పు."

"ఈడ ఏమీ కట్టలేదత్తా!"

"భయపడతాండాడు మేడం," అన్నాడు యోహాను. "ఎవరో బెదిరించినారు."

గోడ గడియారం పన్నెండుకు పావు తక్కువ చూపిస్తోంది. కాలేజీ నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తోంది. రూబెన్ ఇంకేం చేయలేక, మెడలో దండతోనే, తహశీల్దార్ బల్ల మీద లాప్‌టాప్ తెరిచాడు. కొండ, నీలం పైకప్పు, లోపల రెండు కుర్చీలు. బల్ల చుట్టూ తలలు మూగాయి.

"ఇదేంది?" అంది ఎలిజబెత్.

పదిహేడేళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట నలభై మంది ముందు చెప్పాల్సి వచ్చింది. "నిశ్చితార్థం అయినాక పెండ్లి దాకా ఇద్దరూ మాట్లాడుకోగూడదని చెప్తివి కదత్తా. ఎనిమిది నెలలు. నేను నంద్యాల నెట్ సెంటర్లో, ప్రసన్న డోన్ నెట్ సెంటర్లో... రోజూ ఈడ కూర్చొని మాట్లాడుకుంటా ఉంటిమి."

"ఎనిమిది నెలలూనా?"

"ఊ."

ఎలిజబెత్ తెరకు ముక్కు ఆనించి చూసింది. "తలుపు లేదేంది?"

"పెట్టడం రాలేదు."

"అయితే అన్ని దినాలూ తలుపు లేకుండానే కూర్చొనింటిరా?"

"ఊ, అత్తా."

"సరే అయితే," అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఇల్లు ఆమె దృష్టిలో ఆ క్షణాన సక్రమమైంది.

అయిదు నిమిషాలుందనగా తెర మీద పసుపు చీర బొమ్మ ఒకటి నడిచొచ్చి రెండో కుర్చీలో కూర్చుంది. కింద అక్షరాలు పడ్డాయి: "తలనొప్పని చెప్పి బయటపడ్డా. ఉన్నావా?"

"అది మన ప్రసన్నేనా?" అంది ఎలిజబెత్. "దానికంత సన్న నడుము యాడిది?"

రూబెన్ "ఉన్నా" అని కొట్టాడు. మీ అమ్మ కూడా ఉందని కొట్టలేదు. పన్నెండైంది. కొండ ముందు పోయింది, తర్వాత పైకప్పు, ఆ తర్వాత కుర్చీలు. బూడిద రంగు మాత్రం మిగిలింది. రూబెన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎలిజబెత్ లేచి, "ప్రార్థన చేద్దాం," అంది. ఎందుకో ఎవరికీ తెలియదు గానీ అందరూ తలలు వంచారు. తహశీల్దార్ కూడా లేచి నిలబడింది.

ఆమెన్ అనగానే సర్వేయర్ చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మేడం, రూబెన్ పేరుతో ఊర్లో ఇల్లే లేదు. కూల్చివేత కూడా ఏమీ లేదు. కానీ మెయిన్ రోడ్డులో బండల యార్డు ఒకటుంది. దాని ప్రహరీ గోడ కాలవ మీదికి ఆరడుగులు వచ్చేసింది. ఓనరు పేరు యోహాను."

అందరూ యోహాను వైపు చూశారు. ఆయన బ్యానర్ చుట్టడంలో మునిగిపోయాడు.

రూబెన్ రెండు గంటలకు కాలేజీలో మాట్లాడాడు, దండ తీయడం మరిచిపోయి. రేపటి లోకాలు కళ్లద్దాల్లోకే వచ్చేస్తాయని, అక్కడి ఇల్లేదో ఇక్కడి ఇల్లేదో తేడా తెలియని రోజు వస్తుందని చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు.

మంగళవారం యోహాను గోడ దగ్గరికి జేసీబీ వచ్చింది. ఆ గోడ కూలడం చూడటానికి ఎవరికీ లాప్‌టాప్ అవసరం పడలేదు.