నల్లరాతి మడుగుకు చరిత్ర వచ్చిన విధం

ఇంతకాలం మన నదులు చరిత్ర లేకుండానే ప్రవహిస్తున్నాయన్న సంగతి మొట్టమొదట కనిపెట్టినవారు జలవనరుల మంత్రిగారే. కనిపెట్టిన మర్నాడే విలేకరులను పిలిపించి, "నీటికి నోరు లేదు. నోరు లేనివాళ్ళ తరపున మాట్లాడటమే నా పని" అని, ఒక గ్లాసు నీళ్ళు తాగి, ఈ ప్రాంతంలోని ప్రతి నదికీ, ప్రతి ఊటకీ, జనం ఈతకొట్టే ప్రతి మడుగుకీ చరిత్ర రాయించి 'జలచరిత్ర' అనే పుస్తకం వేయిస్తామని ప్రకటించారు. గడువు నలభై రోజులు. నదులు పుట్టడానికి పట్టిన కాలంతో పోలిస్తే ఇది చాలా తక్కువని, పాత ప్రభుత్వాలు ఇంత వేగంగా ఏనాడూ పనిచెయ్యలేదని కూడా సెలవిచ్చారు.

ఆ చరిత్ర పద్నాలుగు గడుల ఫారం రూపం ధరించి, ఆఫీసు తరవాత ఆఫీసు దిగుతూ, చివరికి నల్లరాతి మడుగు దగ్గర గేజీ రీడరు చేతిలో పడింది.

గేజీ రీడరంటే నీటిమట్టం చూసి రాసే మనిషి. మడుగు మధ్యలో నిట్టనిలువుగా ఒక నల్లరాయి, దానికి బిగించిన ఇనప కొలబద్ద. ఒడ్డు నుంచి కొలబద్ద కనబడుతుంది గాని దానిమీది అంకెలు కనబడవు. కాబట్టి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన రోజూ పొద్దున ఆరింటికి చొక్కా విప్పి, పెన్సిలు చెవిలో దోపుకొని, నోటుబుక్కు ప్లాస్టిక్ సంచిలో చుట్టి నెత్తికి కట్టుకొని, అక్కడిదాకా ఈదుకుంటూ వెళ్ళి, చూసి, రాసుకొని, మళ్ళీ ఈదుకుంటూ వచ్చేవాడు. ఆ అంకె ముందు ఆఫీసుకు చెప్పేవాడు. తరవాత కింద వీధిలో టైలరింగ్ షాపు నడిపే కూతురికి చెప్పేవాడు. ఆఫీసువాళ్ళు రాసుకునేవాళ్ళు. కూతురు వినేది. అంకె తొమ్మిది దాటిందంటే కుట్టుమిషన్లు మేడమీదికి ఎక్కించేది. ఆమెను చూసి వీధి వీధంతా సామాన్లు ఎక్కించేది.

అలాంటి మనిషిని చరిత్ర రాయమన్నారు కదా, ఆయన పొంగిపోయి, ఫారంలో చోటు చాలక ఇరవై రెండు కాయితాలు అదనంగా కుట్టి పంపించాడు. వారం తిరక్కుండా జలచరిత్ర స్పెషలాఫీసరు జీపులో దిగాడు.

"ఏమయ్యా, ఇదంతా ఏమిటి?"

"చరిత్రేనండి. కరువొచ్చిన ఏడు చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోయినా, ఇదిగో, ఈ ఊట కన్ను ఎండలేదండి. మట్టం రెండడుగుల పావు దగ్గరే నిలబడిపోయింది. ముప్ఫై ఒక్క రిజిస్టర్లు ఉన్నాయి, చూపించమంటారా?"

"ఇవి అంకెలయ్యా. చరిత్రంటే మనుషులు. ఎనిమిదో గడి చూడు. 'ఈ జలవనరుతో గౌరవ మంత్రిగారి అనుబంధం.' ఖాళీగా వదిలేశావేం?"

"వారికి దీంతో ఏం అనుబంధమో నాకు తెలీదండి."

"తెలీకపోతే తెలుసుకోవాలి. పదేళ్ళ వయసులో సెలవులకి మేనమామగారింటికి వచ్చినప్పుడు, ఇదే మడుగులో మునిగిపోతున్న తోటి పిల్లాణ్ణి ప్రాణాలకు తెగించి ఒడ్డుకు లాక్కొచ్చారు. మొన్న రేడియోలో కూడా చెప్పారు."

గేజీ రీడరుకు ఆ సెలవులు గుర్తే. పట్నం నుంచి వచ్చిన ఆ పిల్లవాడు నీళ్ళలో కాలు పెట్టేవాడు కాదు. ఒడ్డున కూచుని అందరి చొక్కాలకూ కాపలా కాసేవాడు. ఆ పని మాత్రం శ్రద్ధగా చేసేవాడు. ఆ సెలవుల్లో ఒక్క చొక్కా కూడా పోలేదు.

"ఆ మునిగిన పిల్లాడెవరండి?" అని అడిగాడు.

"దానికోసమే వచ్చాను. నీ వయసెంత?"

"యాభై ఎనిమిదండి."

"మంత్రిగారిదీ అంతే!" అన్నాడు ఆఫీసరు, పెళ్ళిసంబంధం కుదిరినంత సంతోషంగా.

"సార్, నాకు ఈతొచ్చండి. నా ఉద్యోగమే ఈత."

"అప్పుడు రాదు కదా?"

"అప్పుడూ వచ్చండి."

ఆఫీసరు నాలుగడుగులు నడిచి, ఊట కన్ను దగ్గర బూటుతో నేలమీద ఒక గీత గీశాడు. "సభావేదిక ఇక్కడ పోయిద్దాం. కాంక్రీటు. మంత్రిగారు దిగడానికి మెట్లు కూడా."

"సార్, దానిమీద కాంక్రీటు పోస్తే మడుగు చచ్చిపోతుందండి!"

"ఇంకోచోట పొయ్యొచ్చు. మనిషి సహకరించాలి గాని."

గేజీ రీడరు ఊట వైపు చూశాడు. బొటనవేలు పట్టేంత కన్ను. అందులో ఇసక రేణువులు ఉడుకుతున్నట్టు పైకీ కిందికీ ఆడుతున్నాయి. "సంతకం ఎక్కడ పెట్టాలండి?" అన్నాడు.

ఆఫీసరు చెప్పినట్టే రాశాడు. 'నన్ను కాపాడినవారు మంత్రిగారే. నాకు ఈత రాదు. ఇప్పటికీ రాదు.'

"ఇప్పటికీ ఎందుకండి?"

"ప్రారంభోత్సవం రోజున మళ్ళీ మునగాలి కదయ్యా. కెమెరాలొస్తున్నాయి."

ఈ మాట విని కూతురు మిషను ఆపింది. "మునగడం నీకు చేతనవుతుందా నాన్నా?"

"అలవాటు లేదమ్మా."

"నాకు ఈత నేర్పింది నువ్వు. ఈ వీధిలో సగంమందికి నేర్పింది నువ్వు. వాళ్ళందరి ముందూ కాళ్ళూ చేతులూ కొట్టుకుంటావా?"

"ఊట కన్ను మిగులుతుంది గదా."

ఆమె పళ్ళతో దారం తెంపి, "సరే, నీళ్ళు మింగకు" అంది.

ఆఫీసరు మాట మీద నిలబడే మనిషి. వేదిక ముప్ఫై గజాల అవతలే పోయించాడు. మంత్రిగారు చొక్కా విప్పి పి.ఏ. చేతికిచ్చి, కెమెరాలకు నమస్కారం పెట్టి, మెట్లు దిగారు. మూడో మెట్టుకు పాచి పట్టి ఉంది. తరవాతి మెట్లు దిగాల్సిన అవసరం వారికి కలగలేదు. అప్పటికి మడుగు మధ్య బుద్ధిగా మునుగుతున్న గేజీ రీడరు మునగడం ఆపి, నాలుగు బారల్లో వచ్చి, ఒక చేత్తో మంత్రిగారి నడుం పట్టుకొని, రెండో చెయ్యి పైకెత్తి "కాపాడండి! కాపాడండి!" అని ఊపడం మొదలుపెట్టాడు.

మంత్రిగారు కూడా అరవబోయారు.

"మీరు అరవకూడదండి. అరవాల్సింది నేను."

"వదలకు."

"వదలనండి."

"ఎంత లోతయ్యా?"

"పొద్దున మట్టం ఏడడుగుల మూడంగుళాలండి. రాయి దగ్గరైతే..."

"చెప్పకు!"

రక్షించబడుతున్న మనిషి రక్షిస్తున్న మనిషిని మెల్లగా ఒడ్డుకు తోసుకొచ్చాడు. చప్పట్లు మోగాయి. మంత్రిగారు వణుకుతూ, "నా చొక్కా ఏది?" అని అడిగారు. గేజీ రీడరును పడుకోబెట్టి పొట్ట నొక్కారు. ఒక్క చుక్క నీరు రాలేదు. మంత్రిగారు ఎంత వేగంగా స్పందించారో దీన్నిబట్టే తెలుస్తోందని మర్నాడు పేపర్లు రాశాయి.

జలచరిత్ర అచ్చయింది, అన్ని ఆఫీసులకూ వెళ్ళింది. దాన్ని తెరిచి చదివిన మనిషి ఒక్కడే తేలాడు. ఆయన తనిఖీ విభాగంవాడు. ఆయన దగ్గర్నుంచి మెమో వచ్చింది. 'మీకు ఈత రాదని మీరే రాసిచ్చారు. కొలబద్ద ఒడ్డుకు నలభై గజాల దూరంలో ఉంది. అలాంటప్పుడు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మీరు పంపిన పదకొండు వేల పైచిలుకు అంకెలు ఎక్కడివి? మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వని పక్షంలో రిజిస్టర్లన్నీ తప్పుడువిగా భావించి తగలబెట్టబడును.'

గేజీ రీడరు ఆఫీసరుకు ఫోన్ చేశాడు. "నిజం రాసెయ్యనా సార్?"

"రాసుకో. ఇంకో వేదిక ఆ ఊట కన్ను మీదే పోయిస్తాను. నీ ఇష్టం."

మూడు రోజులూ ఆయన రిజిస్టర్లు ముందేసుకొని కూచున్నాడు. కరువేడు ఒకటి, వరదేడు ఒకటి, కూతురు పుట్టిన రోజు తడిచేత్తో రాసిన అంకె ఒకటి. మూడోరోజు సాయంత్రం కలం తీసి ఇలా రాశాడు.

'అయ్యా, అంకె చూసింది నేను కాదు. రోజూ పొద్దున ఆరింటికి మంత్రిగారే స్వయంగా విచ్చేసి, కొలబద్దదాకా ఈదివెళ్ళి, చూసి, కేకవేసి చెప్పేవారు. నేను ఒడ్డున వారి చొక్కా పట్టుకొని కూచుని రాసుకునేవాణ్ణి.'

దీన్ని కాదనగల అధికారి డిపార్టుమెంటులో ఎవరూ లేరు. మంత్రిగారు కూడా కాదనలేదు. ఇంత సేవను ఇన్నాళ్ళూ చెప్పుకోకపోవడం తన బలహీనత అన్నారు. రిజిస్టర్లు ఇనప బీరువా ఎక్కాయి. జలచరిత్ర రెండో ముద్రణలో ఎనిమిదో గడి నాలుగు పేజీలు అయింది. మడుగు చుట్టూ కంచె పడింది, కంచెకు బోర్డు పడింది. 'ప్రాణాపాయ స్థలం. ఈత నిషేధం. గౌరవ మంత్రిగారికి మినహాయింపు.' వెనకే ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట కూడా పాత పద్ధతి ప్రకారమే మంత్రిగారు చూసి చెప్పిన అంకెనే నమోదు చెయ్యాలి.

గేజీ రీడరు ఉత్తర్వు మీరే మనిషి కాదు. రోజూ ఆరింటికి వచ్చి కంచె పక్కన కూచుని, ఏడింటిదాకా చూసి, రిజిస్టరులో 'మంత్రిగారు ఇంకా రాలేదు' అని రాసి, ఆ మాటే ఆఫీసుకు చెప్పేవాడు. ఆఫీసువాళ్ళు మట్టం గడిలో రాసుకునేవాళ్ళు.

వానలు పట్టుకున్నాయి. నాలుగోరోజు పొద్దున నల్లరాయి జానెడు మాత్రమే పైకి కనబడుతోంది. ఆయన ముందు కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మిషన్లు ఎక్కించు. వీధిలో అందరికీ చెప్పు."

"ఎంతుంది నాన్నా? కంచె దూకావా?"

"దూకలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ రాయి పట్టుకొని వేళ్ళాడాను. చూస్తే తెలీదూ? పదిన్నర ఉంటుంది."

"సరే, నువ్వు జాగ్రత్త" అని ఆమె పెట్టేసింది. అవతల మిషను జరిపిన చప్పుడు ఆయనకు వినబడింది. ఫోను జేబులో పెట్టకముందే మళ్ళీ మోగింది. ఈసారి ఆఫీసరు.

"ఏమయ్యా, పైన ఆనకట్ట గేట్లెత్తేస్తామంటున్నారు! మట్టం ఎంతుంది?"

"మంత్రిగారు ఇంకా రాలేదండి."

"ఈ వానలో ఆయనెందుకొస్తారయ్యా!"

గేజీ రీడరు తడుస్తున్న రిజిస్టరును చొక్కా కిందికి దోపుకున్నాడు.

"పోనీ నిన్నటి అంకె చెప్పు."

"నిన్న కూడా రాలేదండి. నేను మాత్రం చొక్కా పట్టుకోడానికి ఆరింటికే వచ్చి కూచున్నాను."