నవ్వితే సున్నా

డాక్టరు రోగితో మాట్లాడటం శుద్ధ దండగ అని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. ఇన్నాళ్లకు నా మాట విన్నవాళ్లు దొరికారు. మా వీధి చివరి ఆసుపత్రిలో కొత్తగా ఒక కెమెరా పెట్టారు. దాని ముందు కూర్చుంటే చాలు, మన ముఖం చూసి నొప్పికి పదికి ఇన్ని అని మార్కులు వేసేస్తుంది.

ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి? రోగులకు మొదలుపెట్టడమే గానీ ఆపడం తెలియదు. కడుపునొప్పితో మొదలుపెట్టి కోడలి పెడసరం దాకా వెళ్తారు. ఇప్పుడా బెడద లేదు. డాక్టరుగారు గాజు తలుపు అవతల చల్లగా కూర్చుని మార్కులు చూసుకుంటారు.

కడుపునొప్పితో ముద్ద మింగలేకపోతున్న మా పెద్దమ్మను అక్కడికే తీసుకెళ్లాను. గుమ్మం దాకా మెలికలు తిరుగుతూ వచ్చిన మనిషి, కెమెరా కనబడగానే జుట్టు సవరించుకుంది. నిటారుగా కూర్చుని చక్కగా నవ్వింది. ఫొటో తీస్తుంటే ముఖం ముడుచుకుని కూర్చోవడం ఆవిడ దృష్టిలో అమర్యాద.

సున్నా వచ్చింది.

పక్కన నిలబడి హడలిపోతున్న మా పెదనాన్నకు తొమ్మిది! నాకేం కాలేదు మొర్రో అంటున్నా వినకుండా ఆయన్ని చక్రాల కుర్చీలో కూలేసి తోసుకుపోయారు. ఎవరి మాటా వినకపోవడమే కదా కొత్త వైద్యం గొప్పతనం! ఆయనకు సెలైన్ ఎక్కించారు. పెద్దమ్మను అభినందించి ఇంటికి పంపారు.

దారిలో కారు గతుకులో పడ్డప్పుడల్లా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. నాకు ఒళ్లు మండింది. యంత్రం మీద కాదు, ఆవిడ మీద. అంత ఖరీదైన వస్తువు పరువు తీస్తే ఎలా? ఇంటికి రాగానే అద్దం ముందు కూర్చోబెట్టి, రేపు మళ్లీ వెళ్దాం, ఈసారి నవ్వకుండా కాస్త ఏడువు అని నేర్పించబోయాను.

"ఒరే, మనిషన్నవాడు వచ్చి అడిగితే ఏడుస్తాను. గోడకున్న డబ్బా ముందు ఏడవడానికి నాకేమన్నా పిచ్చా?" అంది. ఆ నాలుగు మాటలు అనడానికి మధ్యలో రెండుసార్లు పళ్లు బిగబట్టి ఆగింది.

ఇలాంటి మొండివాళ్లతో సైన్సు ఎలా ముందుకెళ్తుంది? అయినా ఆసుపత్రి వారికి ఒక చిన్న మనవి. కెమెరాను తీసేయకండి, మా పెదనాన్నకు బాగానే పనికొస్తోంది. డాక్టరుగారిని మాత్రం ఒక్కసారి ఆ గాజు తలుపు తీసుకుని ఇటు రమ్మనండి. "ఎక్కడమ్మా నొప్పి?" అని అడగమనండి. మా పెద్దమ్మ ఏడవడానికి సిద్ధంగా ఉంది.