అరువు గొంతు

ఆదివారం పొద్దున్న పది కాగానే మనవరాలికి ఫోన్ చేయాలి. నటుడిగారి ఆ రోజు కార్యక్రమం మొత్తం అంతే. అందుకోసం ఆయన పెందలాడే లేచి, నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఫోన్లో గడ్డం కనబడదని తెలియక కాదు. వారం మొత్తం మీద ఆయనతో మాట్లాడే మనిషి ఆ పిల్ల ఒక్కతే. అలమరలో ఉత్తమ నటుడి అవార్డు ఉంది గానీ, దానితో ఎంతసేపని మాట్లాడతాడు?

కూతురు ఉండేది ఆ ఊళ్లోనే. షూటింగుల రోజుల్లో ఆ అమ్మాయి ఒక్క పుట్టినరోజుకూ ఇంటిపట్టున లేని మనిషి, ఇప్పుడు పిలవకుండా వెళ్లడానికి మొహం చెల్లక ఊరుకున్నాడు. రావాలనుంటే ఆయనే వస్తాడని కూతురూ ఊరుకుంది. ఆదివారం తాను బట్టలు ఉతుక్కునే వేళకి ఫోను పిల్ల చేతిలో పెట్టి వెళ్లేది.

ఆ ఫోనుకి కూడా కిందటి వారం గండం వచ్చింది. పిల్ల టీవీలో తాతయ్య సినిమా చూసింది. ఆయన హలో అనగానే, "నువ్వు మా తాతయ్యవి కాదు. మా తాతయ్యది పులి గొంతు" అని పెట్టేసింది.

పిల్ల తప్పేం లేదు. దేవుడు మన నటుడికి కళ్లూ ముక్కూ ఎత్తూ ధారాళంగా ఇచ్చి, గొంతు దగ్గరికొచ్చేసరికి పిసినారితనం చూపించాడు. కోపంగా అరిస్తే తలుపు కిర్రుమన్నట్టుండేది. అందుకని మొదటి సినిమా నుంచి ఆఖరిదాకా ఆయన పెదవులకు మాటలిచ్చింది ఒక డబ్బింగాయన. అవార్డు అందుకున్న రోజు నటుడు వేదికెక్కి, ఎండలో గొడుగు పట్టినవాడితో సహా అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు, ఆ ఒక్కడికి తప్ప. మరిచిపోయి కాదు, చెబితే అవార్డులో సగం చేజారుతుందన్న భయం. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు అభిమానం చంపుకుని ఆ గడపే తొక్కాడు. డబ్బింగాయన తలుపు తీసి ఎగాదిగా చూశాడు.

"ఏం, అవార్డు తిరిగిచ్చేయడానికొచ్చారా?"

"మా మనవరాలితో రెండు ముక్కలు మాట్లాడాలి," అన్నాడు నటుడు. "మీరు మాట్లాడాలి."

సంగతి విని డబ్బింగాయన తలుపు మూసేద్దామనుకున్నాడు. కానీ భార్య పోయాక ఆ ఇంట్లోనూ మాట్లాడే దిక్కు లేదు. అంత గొంతూ గుక్కెడు కాఫీ తాగడానికి తప్ప దేనికీ పనికిరాకుండా ఉంది. సరే, రెండు ముక్కలేగా అన్నాడు.

ఆ రెండు ముక్కలు పులి గాండ్రింపుతో మొదలై ఏనుగు కథలోకి దిగాయి. పిల్ల ఉబ్బితబ్బిబ్బై ఇంటికి రమ్మంది. నటుడు వద్దు వద్దని రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు. ఊపు మీదున్న డబ్బింగాయన "సాయంత్రమే వస్తున్నా తల్లీ" అని మాటిచ్చేశాడు. ఇదేం పనని నటుడు నిలదీస్తే, సీను అలా వచ్చిందన్నాడు.

ఇక వెళ్లక తప్పలేదు. సాయంత్రం గుమ్మంలో తండ్రిని చూసి కూతురు పక్కకి జరిగి దారిచ్చింది. కుర్చీ చూపించి, కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లింది. స్నేహితుడినంటూ వెంట వచ్చిన డబ్బింగాయన ఫోన్ మాట్లాడుకోవాలని చెప్పి బాల్కనీలోకి నడిచి, నటుడి కుర్చీ వెనకున్న కర్టెన్ చాటున నిలబడ్డాడు.

పిల్ల ఎదురుగా కూర్చుని ఏనుగు కథ మళ్లీ చెప్పమంది. గొంతు మొదలైంది. ఇన్నేళ్లూ ఆయన పెదవుల వెంట గొంతు పరిగెత్తింది. ఇప్పుడు గొంతు వెంట పెదవులు పరిగెత్తాలి. ఏనుగు నదిలో దిగేసరికి నటుడింకా అడవిలోనే ఉన్నాడు.

"నాన్నా, ఆ టీవీ కాస్త తగ్గించండి," అని వంటింట్లోంచి కూతురు కేకేసింది. కర్టెన్ వెనక డబ్బింగాయన బుద్ధిగా తగ్గించాడు. నటుడికి చెమటలు పట్టాయి. ఇంతలో కూతురు మంచినీళ్లు తెచ్చిచ్చింది. కంగారులో ఆయన గ్లాసెత్తి గటగటా తాగేశాడు. ఆయన తాగుతున్నంతసేపూ ఆయన గొంతు కథ చెబుతూనే ఉంది.

పిల్ల లేచి వెళ్లి కర్టెన్ లాగింది. డబ్బింగాయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "నువ్వేనా మా తాతయ్యవి?" అని అడిగింది.

అన్ని సినిమాలకు మాటలు చెప్పిన మనిషి అలవాటుగా నటుడి పెదవుల వైపు చూశాడు. ఔనన్నా నమ్మే పిల్లే. నటుడు గ్లాసు కింద పెట్టి, తన కిర్రు గొంతుతోనే నోరు తెరిచాడు.

"తాతయ్యని నేనేనమ్మా. గొంతు మాత్రం ఆయనది. నాకు అవార్డొచ్చింది ఆయన వల్ల. ఆ రోజు చెప్పాల్సింది, చెప్పలేదు."

డబ్బింగాయన కర్టెన్ కొసతో కళ్లు తుడుచుకున్నాడు. కూతురు ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "ఈ వంకతోనైనా వచ్చారు. ఇద్దరూ భోంచేసి వెళ్లండి," అంది. పిల్ల, కిర్రు గొంతు ఆదివారాలది, పులి గొంతు సినిమాలది అని తీర్పు చెప్పింది.

మరుసటి ఆదివారం పది కాకముందే ఫోను మోగింది. ఈసారి పిల్లే చేసింది.

"తాతయ్యనమ్మా," అన్నాడు నటుడు.

"తెలుసులే తాతయ్యా. ఏనుగు తాతయ్య వచ్చాడా?"

వచ్చాడు. కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకుంటున్నాడు. నటుడు ఫోను ఆయన చేతికిచ్చి, తన వంతు కోసం పక్కనే కూర్చున్నాడు. ఏనుగు నది దాటింది, కొండెక్కింది, పెళ్లి కూడా చేసుకుంది. వంతు రాలేదు. అలవాటు కొద్దీ ఆయన పెదవులు కదుపుతూ ఉండిపోయాడు.

ఈసారి ఒక్క మాట కూడా తప్పిపోలేదు.